ఆ పార్టు ఎవరి చేతుల మీదుగా వచ్చింది?

(హైదరాబాద్‌లో చిన్న ఎలక్ట్రానిక్స్ యూనిట్లు నడిపేవాళ్ళు, డిప్లొమా విద్యార్థులు కలుసుకున్న సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం.

ముందు ఒక ప్రశ్న. ఈ మధ్య విదేశం నుంచి ఏదో ఒక పార్టు తెప్పించిన వాళ్ళు చెయ్యెత్తండి. సరే, దాదాపు సగం మంది ఉన్నారు. దించకండి, ఇంకో ప్రశ్న ఉంది. ఆ పార్టు ఫ్యాక్టరీలో తయారైనప్పటి నుంచి మీ టేబుల్ మీదికి వచ్చేదాకా ఎవరెవరి చేతులు మారిందో చెప్పగలిగిన వాళ్ళు మాత్రమే చెయ్యి అలాగే ఉంచండి. చూశారా, నాలుగైదు చేతులే మిగిలాయి. ఇవాళ నేను మాట్లాడేదంతా దీని గురించే.

మామూలుగా సప్లయర్‌ని ఎలా ఎంచుకుంటాం? పార్టు నంబరు కొట్టి వెతుకుతాం. పది చోట్ల ధర కనిపిస్తుంది. అన్నిటికన్నా తక్కువ ఎవరిదో చూస్తాం. స్టాక్ ఉందా అని అడుగుతాం. "ఉంది సార్, పది వేలు ఉన్నాయి, ఒరిజినల్, కొత్తవి" అని రెండు నిమిషాల్లో జవాబు వస్తుంది. డబ్బు కట్టేస్తాం. ఇందులో ఎక్కడైనా, "నీకెక్కడిది ఈ సరుకు?" అని అడిగామా? అడగం. అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

మనం చేసే వస్తువేమిటో ఒకసారి గుర్తు చేసుకుందాం. ఇక్కడున్న వాళ్ళలో ఎక్కువమంది బోరు మోటార్లకు మొబైల్ స్టార్టర్లు, ఆటో స్టార్టర్లు, సోలార్ లైట్లు, ఇన్వర్టర్ బోర్డులు చేసేవాళ్ళు. మన పెట్టె ఏసీ గదిలో ఉండదు. నల్గొండ దగ్గరో, అనంతపురం దగ్గరో చేను గట్టున రేకు డబ్బాలో ఉంటుంది. మే నెల మధ్యాహ్నం ఆ డబ్బా తలుపు తీసి చెయ్యి పెట్టి చూసిన వాళ్ళకి లోపల వేడి ఎంతుంటుందో తెలుసు. త్రీఫేజ్ కరెంటు వచ్చిన మొదటి పది నిమిషాలు వోల్టేజి ఎలా ఊగుతుందో కూడా తెలుసు. అక్కడ పవర్ సప్లైలో ఒక కెపాసిటర్ పోయిందనుకోండి. మోటారు ఆన్ కాదు. నాటు వేసి ఉంటుంది, మడిలో నీళ్ళు ఉండాలి. రైతు ఫోను చేస్తాడు. మన మెకానిక్ బస్సెక్కి వెళ్ళాలి. రాకపోకల ఖర్చు, ఒక రోజు పని, కొత్త బోర్డు. అన్నిటికన్నా పెద్ద నష్టం ఆ ఊళ్ళో ఇంకెవరూ మన పెట్టె కొనరు. ఆ కెపాసిటర్ మీద మనం మిగుల్చుకున్నది ఎంత? రెండు రూపాయలు. మూడు రూపాయలు.

కెపాసిటర్ సంగతే తీసుకోండి. దాని మీద 105 డిగ్రీలు అని రాసి ఉంటుంది. కంపెనీ ఇచ్చే వివరాల కాగితం, డేటాషీట్‌లో, ఆ వేడి దగ్గర ఆయుష్షు 2,000 గంటలు అని ఉంటుంది. వేడి పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపు అవుతుందని మనందరం లెక్క వేసుకుంటాం. ఆ లెక్క ఎప్పుడు పని చేస్తుంది? లోపల ఉన్న ఎలక్ట్రోలైట్ ఆ కంపెనీ పోసినదే అయితే పని చేస్తుంది. పెద్ద డబ్బా లోపల చిన్న కెపాసిటర్ పెట్టి అమ్మే సరుకు మార్కెట్లో ఉంది. మీటరు పెడితే మైక్రోఫారడ్లు సరిగ్గానే చూపించొచ్చు, వోల్టేజి రేటింగ్ మాత్రం ఉండదు. కొత్తగా ఉన్నప్పుడు టెస్టింగ్‌లో పాసవుతుంది. మన దగ్గర పాసై, రైతు దగ్గర ఫెయిలవుతుంది.

అందుకే నేను అనేది, బీఓఎం, అంటే బోర్డులో పడే పార్టుల జాబితా, మొత్తానికి ఒకే సప్లయర్‌ని వెతకొద్దు. "ఏ సప్లయర్ మంచివాడు?" అని అడిగితే జవాబు లేదు. "ఈ పార్టుకి ఏ సప్లయర్?" అని అడగండి. జాబితా ముందు పెట్టుకుని ఒక్కో లైను మీద వేలు పెట్టి, ఇది పోతే ఏమవుతుంది అని ఆలోచించండి. స్టార్టర్ మీది ఇండికేటర్ ఎల్‌ఈడీ పోతే లైటు వెలగదు, అంతే. పిన్ హెడర్, టెర్మినల్ బ్లాక్, నట్టు, స్పేసర్, వీటిని చూస్తేనే మంచిచెడ్డలు చాలావరకు తెలిసిపోతాయి. వీటిని చైనాలోని షెన్‌జెన్ నుంచి ఎవరి దగ్గరైనా చవకగా తెప్పించుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ కరెంటుని ఆన్ ఆఫ్ చేసే మాస్‌ఫెట్, వోల్టేజి నిలకడగా ఉంచే రెగ్యులేటర్, సంకేతాన్ని వెలుగు ద్వారా దాటించే ఆప్టోకప్లర్, సర్జ్ వచ్చినప్పుడు కాపాడాల్సిన ఎంఓవీ, ఇన్‌పుట్ దగ్గరి కెపాసిటర్, బోర్డుకి మెదడులాంటి మైక్రోకంట్రోలర్, రిలే... వీటి దగ్గర చవక కోసం వెళ్ళకండి. ఇది నా గట్టి అభిప్రాయం. ఇందులో బేరం లేదు.

సరే, ఎవరెవరున్నారు మనకి అమ్మేవాళ్ళు?

మొదటి రకం, తయారీ కంపెనీ నుంచి నేరుగా సరుకు తీసుకునే అధీకృత పంపిణీదారులు. ఆథరైజ్డ్ డిస్ట్రిబ్యూటర్ అంటాం. డిజీకీ ఉంది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం ఉత్తరాన థీఫ్ రివర్ ఫాల్స్ అని చిన్న ఊరు. 1972లో అక్కడ మొదలైంది, హామ్ రేడియో వాళ్ళకి కిట్ అమ్ముతూ. ఇప్పటికీ వాళ్ళ గోడౌన్ ఆ ఊళ్ళోనే. మౌజర్ ఉంది, టెక్సస్‌లో మ్యాన్స్‌ఫీల్డ్ నుంచి పంపుతారు. 1964లో ఒక ఫిజిక్స్ మాస్టారు మొదలుపెట్టిన సంస్థ అది. ఎలిమెంట్14 ఉంది, ఇంగ్లండులో ఫార్నెల్ అనే పాత సంస్థ కుటుంబానిది, 2016 నుంచి ఆవ్‌నెట్ చేతిలో ఉంది. మన దేశంలో రూపాయల్లో బిల్లు ఇస్తారు. ఆర్‌ఎస్ కూడా అంతే. వీళ్ళ దగ్గర ఏం కొంటున్నాం? పార్టు ఒక్కటే కాదు. దాని పుట్టుపూర్వోత్తరాలు కొంటున్నాం. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ నుంచి మౌజర్‌కి, మౌజర్ నుంచి మీకు, మధ్యలో ఇంకో చెయ్యి లేదు. ఏ విడతలో తయారైందో చెప్పే లాట్ నంబరుతో సహా కాగితం ఉంటుంది. ధర ఎక్కువ. ఒక్కోసారి చాలా ఎక్కువ. ఆ ఎక్కువ దేనికో తెలిసి కడితే బాధ ఉండదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ సైట్లలో కొన్నిటిలో కూడా ఇప్పుడు వేరే అమ్మకందారుల సరుకు కనిపిస్తోంది, మార్కెట్‌ప్లేస్ పద్ధతిలో. పార్టు పక్కన ఎవరు పంపుతారో రాసి ఉంటుంది. చదవండి. పెద్ద పేరు చూసి కళ్ళు మూసుకుని క్లిక్ చేయొద్దు.

రెండో రకం, ఎల్‌సీఎస్‌సీ లాంటివి. షెన్‌జెన్‌ది. పీసీబీలు, అంటే సర్క్యూట్ బోర్డులు, చేసే జేఎల్‌సీపీసీబీకి తోబుట్టువు. ఇక్కడి కుర్రాళ్ళలో సగం మంది బోర్డులు అక్కడే చేయించుకుంటున్నారు, నాకు తెలుసు. చైనా బ్రాండ్ల రెసిస్టర్లు, కెపాసిటర్లు, కనెక్టర్లు, చైనా మైక్రోకంట్రోలర్లు అక్కడ మంచి ధరకి దొరుకుతాయి. డేటాషీట్ పెడతారు, లేబుల్ సరిగ్గా ఉంటుంది. నేను వాడతాను, మీకూ చెబుతాను వాడమని. కాకపోతే అమెరికా, యూరప్ బ్రాండ్ల ఖరీదైన ఐసీ, అంటే చిప్పు, అక్కడ కొనేటప్పుడు, ఆ బ్రాండుకి వాళ్ళు అధీకృతమా కాదా అని ఆ తయారీ కంపెనీ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. అమ్మేవాడి వెబ్‌సైట్‌లో కాదు, తయారుచేసేవాడి వెబ్‌సైట్‌లో. ప్రతి పెద్ద కంపెనీ తన పంపిణీదారుల జాబితా పెడుతుంది. దేశం ఎంచుకుంటే పేర్లు వస్తాయి. రెండు నిమిషాల పని.

మూడో రకం, బ్రోకర్లు, వ్యాపారులు. షెన్‌జెన్‌లో హువాచియాంగ్‌బే అని ఒక ప్రాంతం ఉంది. అంతస్తులకి అంతస్తులు కౌంటర్లు. ఒక గాజు పెట్టె, వెనక ఒక మనిషి, పార్టులు చుట్టిన రీల్స్ గుట్టలు. మన కోఠి గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్‌పీ రోడ్ కలిపినా దాని ముందు చిన్నవే. అక్కడ నిజాయితీపరులు లేరని నేను అనడం లేదు, ఉన్నారు. ఫ్యాక్టరీల్లో మిగిలిపోయిన అసలైన సరుకు అక్కడికి వస్తుంది. పాత బోర్డుల నుంచి ఊడదీసిన సరుకూ అక్కడికే వస్తుంది. రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఫొటో చూసి తేడా కనిపెట్టడం మన వల్ల కాదు.

పాత బోర్డుల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. గ్వాంగ్‌డాంగ్‌లో గుయ్యూ అని ఒక ఊరు ఉంది. ఏళ్ళ తరబడి ప్రపంచంలోని ఎలక్ట్రానిక్ చెత్త అక్కడికి చేరింది. బొగ్గుల మీద బోర్డులు వేడి చేసి ఐసీలు ఊడదీసేవాళ్ళు. కడిగి, పైన అచ్చు అరగదీసి, నల్ల పూత పూసి, కొత్త నంబరు, కొత్త తేదీ కొట్టేవాళ్ళు. అదే ఐసీ కొత్త రీల్‌లో మళ్ళీ ప్రపంచం మీదికి వచ్చేది. ఇది నేను భయపెట్టడానికి చెప్పడం లేదు. అమెరికా పార్లమెంటు తరఫున తనిఖీలు చేసే జీఏఓ అనే సంస్థ 2012లో ఒక నివేదిక ఇచ్చింది. వాళ్ళు ఒక బూటకపు కంపెనీ పేరుతో ఇంటర్నెట్ వ్యాపార వేదికల్లో చేరి, సైన్యం వాడే రకం పార్టులు ఆర్డరు పెట్టారు. 16 పార్టులు కొన్నారు. పరీక్షకు పంపితే 16లో ఒక్కటి కూడా అసలైనది కాదు. ఇంకా వినండి. అందులో నాలుగింటికి జీఏఓ వాళ్ళే అసలు లోకంలోనే లేని పార్టు నంబర్లు ఇచ్చారు. కల్పించిన నంబర్లు. అవి కూడా వచ్చాయి! ఆ నంబరు అచ్చు కొట్టి మరీ పంపారు.

ఆలోచించండి. లేని పార్టు అడిగితే "ఉంది సార్" అన్నవాడు, మీరు ఉన్న పార్టు అడిగితే ఏమంటాడు?

డిప్లొమా పిల్లలకి ఇక్కడ ఒక ఉపాయం చెబుతాను, రాసుకోండి. కొత్త బ్రోకర్ దగ్గర ధర అడిగేటప్పుడు మీకు కావలసిన ఐదు పార్టులతో పాటు, తయారీ ఎప్పుడో ఆగిపోయిన అరుదైన పార్టు ఒకటి కూడా జాబితాలో పెట్టండి. "అది దొరకదు" అన్నాడా, మాట్లాడదగ్గ మనిషి. ఐదు వేలు స్టాక్ ఉంది, నిరుటి డేట్ కోడ్ అన్నాడా, నమస్కారం పెట్టి వచ్చేయండి.

డేట్ కోడ్ అంటే తెలుసు కదా. చాలా ఐసీల మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2318 అంటే 2023వ సంవత్సరం, 18వ వారం. తయారీ ఆగిపోయిన తర్వాతి డేట్ కోడ్ వేసిన సరుకు కూడా వస్తుంటుంది. ఆ ఒక్క లెక్కతోనే దొరికిపోతుంది.

పార్సిల్ వచ్చాక

ఇప్పుడు టేబుల్ మీద పార్సిల్ ఉంది. ఏం చూడాలి? మాకు ఒకసారి ఒక వ్యాపారి దగ్గర నుంచి ఐఆర్‌ఎఫ్3205 మాస్‌ఫెట్ల శాంపిల్ లాట్ వచ్చింది. ఇన్వర్టర్ బోర్డుల్లో మనందరం వాడేదే. పేరు అనవసరం. ధర అధీకృత ధరలో సగం కూడా లేదు. మా యూనిట్లో పని చేసే అమ్మాయిలు చెకింగ్ టేబుల్ మీద లెన్స్ కింద పెట్టి చూశారు. అచ్చు బాగుంది, లేజర్‌తో కొట్టినట్టే ఉంది. కానీ పై ముఖం ఒకలా, పక్క ముఖం ఒకలా ఉంది. పైన సన్నటి గీతలు, అన్నీ ఒకే వైపుకి. పక్కన మామూలు గరుకు. అంటే పైన రుద్దారు. దూదికి అసిటోన్ తడిపి పైన రాస్తే దూది నల్లబడింది. కాళ్ళ మీద టిన్ను కూడా కొత్తగా ముంచినట్టు మెరుస్తూ, చివర చిన్న బొట్టు కట్టి ఉంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే కాలు అలా ఉండదు.

తర్వాత కెపాసిటెన్స్ కొలిచే ఎల్‌సీఆర్ మీటరు పెట్టాం. డేటాషీట్‌లో దాని ఇన్‌పుట్ కెపాసిటెన్స్ 3,200 పికోఫారడ్లకి కొంచెం పైన. టేబుల్ మీద కొలిస్తే అదే అంకె రాదు, డేటాషీట్ కొలత వేరే వోల్టేజి దగ్గర తీసింది. అందుకని పక్కన అధీకృత చోట కొన్న పీసు పెట్టి రెండూ కొలవాలి. వ్యాపారి పంపిన పీసు ఆ మంచి పీసులో మూడో వంతు చూపించింది. అంటే లోపల సిలికాన్ ముక్క చిన్నది. ఇంకేదో చిన్న మాస్‌ఫెట్ మీద పెద్దదాని పేరు. ఖాళీగా ఉన్నప్పుడు ఆన్ అవుతుంది, ఆఫ్ అవుతుంది. లోడ్ పడగానే కాలిపోతుంది. లాట్ అక్కడే ఆగింది, బోర్డు మీదికి వెళ్ళలేదు. ఆ పరీక్షకి పట్టింది ఒక దూది ఉండ, చిన్న మీటరు, ఒక మంచి పీసు. మీలో ఎవరికి లేవు ఇవి?

నేను అందరికీ చెప్పేది ఒకటే. ప్రతి కీలకమైన పార్టుకీ అధీకృత చోట కొన్న ఐదు పీసులు విడిగా డబ్బాలో పెట్టుకోండి. పోల్చడానికి. అవి అమ్మకానికీ కాదు, రిపేరుకీ కాదు. రైతు విత్తనం కొన్నాక బిల్లు, ప్యాకెట్, లాట్ నంబరు దాచుకుంటాడు, మొలక రాకపోతే అవే ఆధారం. మనం కూడా ప్రతి లాట్ లేబుల్ చింపకుండా, నాలుగు పీసులతో కలిపి కవర్లో పెట్టి దాచాలి.

చైనా సరుకంతా నకిలీ అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. గట్టిగా చెబుతున్నాను, ఒప్పుకోను. ఎఫ్‌టీడీఐ అనే చిప్పుల కంపెనీ కథ గుర్తుందా? యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే ఎఫ్‌టీ232 చిప్. దాని నకిలీలు ప్రపంచమంతా నిండిపోయాయి. 2014లో ఎఫ్‌టీడీఐ ఒక విండోస్ డ్రైవర్ వదిలింది. అది నకిలీ చిప్పుని గుర్తుపట్టి దాని ప్రోడక్ట్ ఐడీని సున్నా చేసేసేది. ఆ తర్వాత కంప్యూటర్ దాన్ని గుర్తించదు. తాము కొన్నది నకిలీ అని తెలియనే తెలియని వాళ్ళ పరికరాలు రాత్రికి రాత్రి ఆగిపోయాయి. ఎంత గొడవైందంటే ఆ డ్రైవర్‌ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మరి ఎఫ్‌టీడీఐ ధర మనకి ఎక్కువైతే ఏం చేయాలి? నకిలీ కొనాలా? అక్కర్లేదు. నాన్‌జింగ్‌లో డబ్ల్యూసీహెచ్ అనే కంపెనీ సీహెచ్340 చేస్తుంది. తన పేరుతో, తన డేటాషీట్‌తో, తన డ్రైవర్‌తో. చవక. నిజాయితీగా చేసిన చిప్పు. పెద్ద బ్రాండు నకిలీ కన్నా చిన్న బ్రాండు అసలు సరుకు వెయ్యి రెట్లు మేలు.

ఎస్‌టీ కంపెనీ మైక్రోకంట్రోలర్ ఎస్‌టీఎం32 విషయంలోనూ అంతే. 2021లో చిప్పుల కరువు వచ్చినప్పుడు చూశాం, అందులో ఎఫ్103 అనే మోడల్ ధర ఎన్ని రెట్లు పెరిగిందో. అప్పుడు ఆ చిప్పుతో చేసే బ్లూ పిల్ అనే చిన్న బోర్డుల మీద ఎస్‌టీ పేరు అచ్చు వేసిన వేరే చిప్పులు వచ్చాయి. ప్రోగ్రామర్‌తో చిప్పు లోపలి గుర్తింపు సంఖ్య, డీబగ్ ఐడీ, చదివితే అసలు ఎఫ్103కి 1బీఏ01477 రావాలి. చాలా కాపీల్లో 2బీఏ01477 వస్తుంది. మొదటి అంకె ఒక్కటే తేడా. అదే కాలంలో చైనా కంపెనీ గిగాడివైస్ వాళ్ళ జీడీ32ని ఆ పేరుతోనే కొని, కోడ్‌లో చిన్న మార్పులు చేసుకుని, పని ఆపకుండా నడిపిన యూనిట్లు ఉన్నాయి. నేను రెండో దారినే మెచ్చుకుంటాను. మీరు కొంటున్నది ఏమిటో మీకు తెలిసి కొనడం ముఖ్యం.

ధర అనే లెక్క

ఇప్పుడు డబ్బు. తెర మీద కనిపించే ధర మీ ధర కాదు. వేసి చూద్దాం. ఒక ఐసీ ఒక డాలరు. 100 పీసులు. లెక్క సులువుగా ఉండాలి కాబట్టి డాలరు 90 రూపాయలనుకుందాం. సరుకు 9,000. కొరియర్ 20 డాలర్లు, అంటే 1,800. ఇన్సూరెన్స్ ఎంతో తెలియకపోతే కస్టమ్స్ వాళ్ళు సరుకు విలువ మీద 1.125 శాతం కలుపుతారు, ఇంచుమించు 101. మొత్తం 10,901. సుంకం వేసేది దీని మీద, 9,000 మీద కాదు. కస్టమ్స్ పట్టికలో ఐసీలు 8542 హెడింగ్ కింద వస్తాయి, బేసిక్ డ్యూటీ సున్నా. ప్రపంచ వాణిజ్య సంస్థలో మనం చేసుకున్న ఐటీ ఒప్పందం పుణ్యం అది. దిగుమతి మీద పడే జీఎస్‌టీ, అంటే ఐజీఎస్‌టీ, మాత్రం 18 శాతం, అంటే 1,962. మొత్తం 12,863. పైన కొరియర్ కంపెనీ తన క్లియరెన్స్ ఛార్జి వేస్తుంది. ఒక డాలరు ఐసీ, 90 రూపాయలది, 130 దాటింది.

ఐజీఎస్‌టీ మీకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది. ఎప్పుడు? కస్టమ్స్‌కి ఇచ్చే దిగుమతి పత్రం, బిల్ ఆఫ్ ఎంట్రీ మీద మీ జీఎస్‌టీ నంబరు పడితేనే. ఆర్డరు పెట్టేటప్పుడు సొంత పేరు, ఇంటి అడ్రసు ఇచ్చారా, ఆ 1,962 పోయినట్టే. ఇలా పోగొట్టుకునేవాళ్ళు మన మధ్య చాలామంది ఉన్నారు. దయచేసి ఆడిటర్‌తో ఒక్కసారి కూర్చోండి.

ఇప్పుడు అదే ఐసీ 500 తెప్పించండి. బరువు పెద్దగా పెరగదు, కొరియర్ అదే 20 డాలర్లనుకుందాం. 100 పీసులప్పుడు ఒక్కో పీసు మీద రవాణా 18 రూపాయలు పడింది. ఇప్పుడు 3 రూపాయల 60 పైసలు. చూశారా? మనం సప్లయర్‌తో ఐదు శాతం తగ్గించమని రెండు రోజులు మెయిళ్ళు రాస్తాం. నాలుగు యూనిట్ల వాళ్ళం కలిసి ఒక ఆర్డరు పెడితే అంతకన్నా ఎక్కువ మిగులుతుంది. మన సంఘం నెలకోసారి ఉమ్మడి ఆర్డరు పెట్టాలని నేను అడుగుతున్నాను, ఇవాళే తీర్మానం చేస్తే సంతోషిస్తాను.

విద్యార్థులకి ఒక మాట. మీకు మూడు ఐసీలు కావాలి. దాని కోసం అమెరికా నుంచి తెప్పించొద్దు. రూపాయల్లో బిల్లు ఇచ్చే చోట కొనండి. కోఠిలో దొరికితే వెళ్ళి కొని, ఇందాక చెప్పిన పరీక్షలు చేయండి. నేర్చుకోవడానికి అంతకన్నా మంచి బడి లేదు.

వ్యాపారానికి తెప్పించేవాళ్ళకి ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతి కోడ్, ఉండాలి. విదేశీ వాణిజ్యం చూసే డీజీఎఫ్‌టీ సైట్‌లో 500 రూపాయల ఫీజు, మీ పాన్ నంబరే ఐఈసీ నంబరు అవుతుంది. దీనికి ఏజెంట్లకి వేలకి వేలు ఇచ్చేవాళ్ళున్నారు. ఎందుకివ్వాలి? మీరే చేసుకోగలరు.

ఇంకొకటి. కొందరు అమ్మకందారులు మనకి మేలు చేస్తున్నట్టు ఒక మాట అంటారు. "ఇన్‌వాయిస్‌లో పది డాలర్లు వేస్తాను సార్, గిఫ్ట్ అని రాస్తాను." వద్దని చెప్పండి. స్పష్టంగా, రాతపూర్వకంగా వద్దని చెప్పండి. విలువ తప్పు చూపిస్తే కస్టమ్స్ చట్టం 111వ సెక్షన్ కింద సరుకు జప్తు చేయొచ్చు, పైన జరిమానా. బ్యాంకు నుంచి మీరు 500 డాలర్లు పంపి ఉంటారు, బిల్ ఆఫ్ ఎంట్రీలో పది ఉంటుంది. బ్యాంకు ఆ రెండూ సరిపోల్చాలి, రిజర్వ్ బ్యాంకు పద్ధతే అది. తేలకపోతే మీ పేరు మీద ఆ ఎంట్రీ తెరిచే ఉంటుంది. రేపు పెద్ద ఆర్డరుకి డబ్బు పంపాలంటే అడ్డం వస్తుంది. నా మటుకు నేను, ఈ మాట తనంతట తాను అన్న సప్లయర్‌ని జాబితాలోంచి తీసేస్తాను. కస్టమ్స్‌కి అబద్ధం రాయడానికి వెనకాడని వాడు లేబుల్ మీద అబద్ధం రాయడానికి ఎందుకు వెనకాడతాడు?

డబ్బు పంపే విషయంలో ఒక మోసం బాగా నడుస్తోంది. ఏడాదిగా వ్యాపారం చేస్తున్న సప్లయర్ నుంచి మెయిల్ వస్తుంది, "మా బ్యాంకు అకౌంట్ మారింది, ఈసారి దీనికి పంపండి" అని. మెయిల్ అడ్రసు అదే అనిపిస్తుంది, ఒక్క అక్షరం తేడా ఉంటుంది. లేదా ఆయన మెయిలే ఎవరో హ్యాక్ చేసి ఉంటారు. అకౌంట్ మారిందనగానే ఆగండి. పాత నంబరుకి ఫోను చేసి, మనిషి గొంతు విని, అప్పుడు పంపండి. విదేశానికి వెళ్ళిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం.

రేడియో ఉన్న మాడ్యూళ్ళ గురించి రెండు మాటలు. వైఫై, బ్లూటూత్, తక్కువ కరెంటుతో దూరం వెళ్ళే లోరా లాంటి వైర్‌లెస్ వస్తువులకి టెలికాం శాఖ డబ్ల్యూపీసీ విభాగం నుంచి ఈటీఏ అనే అనుమతి ఉండాలి. ఆ మోడల్‌కి ఉందో లేదో ఆర్డరు పెట్టకముందే అడగండి, కాపీ పంపమనండి. లోరా అయితే మన దేశంలో లైసెన్సు అక్కర్లేని బ్యాండు 865 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. 915ది చవకగా ఉందని తెప్పిస్తే అది అమెరికాకి చేసినది, ఇక్కడ వాడకూడదు. 4జీ మాడ్యూల్ అయితే బ్యాండ్ 3, 5, 40 ఉన్నాయా చూడండి, జియో 4జీ నడిచేది వాటి మీదే. జియోకి 2జీ లేదు కాబట్టి పాత జీఎస్‌ఎం మాడ్యూల్ పెట్టిన స్టార్టర్‌లో ఆ సిమ్ పని చేయదు. చాలాసార్లు పార్టు నంబరు చివరి అక్షరాల్లో ఉంటుంది ఈ తేడా అంతా. లిథియం బ్యాటరీలైతే రవాణాలో భద్రత కోసం చేసే యూఎన్ 38.3 టెస్టు రిపోర్టు లేకుండా విమానం ఎక్కనివ్వరు. అది లేదన్న సప్లయర్‌తో మాట్లాడటమే వృథా.

చివర అక్షరాల సంగతి వచ్చింది కదా, పీఓ, అంటే ఆర్డరు కాగితం, రాసేటప్పుడు పార్టు నంబరు పూర్తిగా రాయండి. ప్యాకేజీ, ఉష్ణోగ్రత, రీలా ట్యూబా, అన్నీ అందులోనే ఉంటాయి. "ఈక్వివలెంట్ పంపొద్దు, అడగకుండా మార్చొద్దు" అని ఒక లైను కలపండి. సరుకు తేడా వస్తే ఎవరు ఏం భరిస్తారో ముందే రాయించుకోండి. ఇక్కడి నుంచి వెనక్కి పంపడం అంటే మనం ఎగుమతి చేసినట్టు, దాని ఖర్చు సరుకు ఖరీదుకన్నా ఎక్కువైపోతుంది. వెనక్కి పంపకుండా, ఫొటోలు, టెస్టు రీడింగులు చూసి డబ్బిచ్చే సప్లయర్ దొరికితే వదులుకోకండి.

ఆఖరుగా తేమ. ఇది మన వాళ్ళు అస్సలు పట్టించుకోరు. చాలా ఐసీల కవరు మీద ఎంఎస్ఎల్ 3 అని ఉంటుంది, తేమకి ఎంత త్వరగా లోనవుతుందో చెప్పే స్థాయి అది. కవరు విప్పాక 30 డిగ్రీలు, 60 శాతం తేమ లోపల 168 గంటలే బయట ఉండొచ్చు, ఆ లోపు సోల్డరింగ్ అయిపోవాలి. విశాఖలో, కాకినాడలో మామూలు గదిలో తేమ 60 దాటే ఉంటుంది, మరి అక్కడ ఆ గంటలు ఇంకా తగ్గుతాయి. తేమ పీల్చిన ఐసీ ఓవెన్‌లోకి వెళ్తే లోపల ఆవిరై పగులుతుంది. పగులు బయటికి కనిపించదు. మంచి సప్లయర్ వాక్యూమ్ కవరు, లోపల సిలికా జెల్, తేమ చూపే చుక్కల కార్డు పెట్టి పంపుతాడు. కవరు విప్పగానే ముందు ఆ కార్డు చూడండి, రంగు మారితే ఫొటో తీయండి. జిప్ కవర్లో ఐసీలు పోసి పంపేవాడు పార్టుని అర్థం చేసుకున్నవాడు కాదు.

కొత్త సప్లయర్‌కి మొదటి ఆర్డరు చిన్నది పెట్టండి. రెండోది కూడా చిన్నదే పెట్టండి. శాంపిల్ ఎప్పుడూ బాగానే వస్తుంది, రెండో లాట్‌తో అసలు మనిషి తెలుస్తాడు. క్యాలెండర్ మీద చైనా కొత్త సంవత్సరం, అక్టోబరు మొదటి వారంలో వచ్చే వాళ్ళ జాతీయ సెలవులు గుర్తు పెట్టుకోండి. జనవరి చివరో ఫిబ్రవరిలోనో వచ్చే కొత్త సంవత్సరం పండక్కి ఫ్యాక్టరీలు వారాల తరబడి మూస్తారు. మన స్టార్టర్ల సీజన్ వేసవి. డిసెంబరు మొదటికల్లా ఆర్డరు వెళ్ళకపోతే ఫిబ్రవరిలో టెన్షన్ పడి, స్టాక్ ఎవరి దగ్గరుంటే వాళ్ళ దగ్గర కొంటాం. నకిలీ సరుకు మన గుమ్మం దాటి వచ్చేది అలాంటి రోజుల్లోనే.

కస్టమ్స్ హెడింగుల పట్టిక ఒకటి జిరాక్స్ తీయించి తెచ్చాను, రిలేలకీ కనెక్టర్లకీ దేనికి డ్యూటీ ఉందో దేనికి లేదో అందులో ఉంది. బడ్జెట్ తర్వాత మారుతుంటాయి, ప్రతి ఫిబ్రవరి సరిచూసుకోండి. ఇటు నుంచి అందరికీ ఇవ్వండమ్మా. ఇక ప్రశ్నలు అడగండి. ముందు వరుసలో అన్నగారు చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు, చెప్పండన్నా.